చుక్కల రేవు ఆఖరి డిస్కు

"ఎవరూ కదలొద్దు! ఈ క్షణం నుంచి ఈ ఇల్లు నా అధీనంలో ఉంది. నేరస్థుడు ఎంతటి మాయగాడైనా సరే, నా మేధస్సు ముందు మోకరిల్లక తప్పదు!"

ఈ మాటలన్నీ చిన్నమామయ్య గుమ్మంలోనే నిలబడి అన్నాడు. లోపలికొచ్చి అందామనే అనుకున్నాడు కానీ, భుజానికున్న సంచీ పట్టీ తలుపు గడియకు తగులుకుపోయింది. కోడలు వెళ్ళి విడిపించింది.

"గడియ మీద వేలిముద్రలన్నీ చెరిపేశావమ్మాయ్. పర్లేదులే, ఇలాంటి ఆటంకాలు నాకు కొత్త కాదు."

చిన్నమామయ్య అంటే ఆమె మామగారి తమ్ముడు. బతుకుతెరువు కళ్ళద్దాల షాపు, పిచ్చి మాత్రం అపరాధ పరిశోధన. ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తాడు కానీ, నుదుటి మీదికి నెట్టుకున్న తన కళ్ళద్దాల కోసం షాపంతా గాలిస్తాడు. ఇంతవరకు ఆయన చేపట్టిన కేసులన్నీ పరిష్కారమయ్యాయి. ఆయన ఇంటికి వెళ్ళిపోయాక.

ఆయన్ని పిలిచింది కోడలు కాదు, ఆమె మొగుడు. పాపం, అతనికీ వేరే దారి తోచలేదు. 'చుక్కల రేవు' ఆఖరి డిస్కు పోయినప్పట్నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. కూరలో ఉప్పు తక్కువైందన్నా గోడకే చెప్పుకుంటున్నారు.

చుక్కల రేవు అంటే కోడలు బళ్ళో చదువుకునే రోజుల్లో టీవీలో వచ్చిన సీరియల్. నక్షత్రాల మధ్య ఓ పాత ఓడ, దాన్నో మొండి కెప్టెన్ నడుపుతుంటాడు. చూసేవాళ్ళు లేరని చానెల్ వాళ్ళు మధ్యలో ఆపేశారు. చూసే పిల్ల ఒకతి టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చుందని వాళ్ళకెవరు చెబుతారు? మొన్నీమధ్య ఓ పాత సామాన్ల కొట్లో డిస్కుల పెట్టె దొరికింది. అట్ట మీద 'టీవీలో రాని మూడు భాగాలతో సహా' అని ఉంది. ఆమె దాన్ని గుండెలకు హత్తుకుని ఇంటికొచ్చింది.

మొదటి సాయంత్రం ఒక్కతే చూస్తుంటే మామగారు మంచినీళ్ళ కోసమొచ్చి నిలబడిపోయారు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. కోడలితో అప్పటిదాకా 'భోజనం పెట్టమంటారా', 'పెట్టమ్మా' తప్ప మరో మాట లేదు.

"ఆ మలుపులో అంత వేగమేంటమ్మా? ప్రయాణికులేం కావాలి?" అన్నారు తెర మీది కెప్టెన్ని చూపిస్తూ.

ఆ రోజు నుంచి సాయంత్రానికో భాగం. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో. ఆయన కెప్టెన్ డ్రైవింగుని తిట్టడం, ఈవిడ వెనకేసుకురావడం. ఇక మిగిలింది ఆ మూడు భాగాల డిస్కే. పెట్టె తెరిస్తే దాని చోటు ఖాళీగా ఉంది. టీవీ బల్ల సర్దింది మొగుడే కాబట్టి పారేసింది నువ్వేనని ఆమె, నేను చూడనే లేదని అతను. చిన్నప్పట్నుంచి ఎదురుచూసిన ముగింపు చేతికందినట్టే అంది పోయేసరికి ఆమెకి ఏడుపు ఆగలేదు.

చిన్నమామయ్య గది మధ్యలో నిలబడి ముక్కుపుటాలు ఎగరేశాడు.

"ఈ గాలిలో కుట్ర వాసన వేస్తోంది!"

"పాలు మాడాయి చిన్నమామయ్యా."

"పాలు మాడాయా, మాడ్చారా? అదీ ప్రశ్న." జేబులోంచి భూతద్దం తీసి ఖాళీ పెట్టెను పరీక్షించాడు. "ఆలోచించమ్మాయ్. నడుస్తున్న సీరియల్ని ఆపేశారు. ఎందుకు? చివర్లో ఓ భయంకర రహస్యం ఉంది కాబట్టి! ఇన్నాళ్ళకి అది నీ చేతికొచ్చింది. వెంటనే మాయం! దీని వెనక ఖండాంతర ముఠా ఉంది."

"ఖండాంతర ముఠా మా ఇంట్లో టీవీ బల్ల దాకా వచ్చి, టీవీని వదిలేసి పోయిందా బాబాయ్?" అన్నాడు మొగుడు.

"అదే వాళ్ళ తెలివి. లోపలి మనిషి సాయం లేకుండా ఇది జరగదు. అందరికీ పరీక్ష పెడుతున్నా!"

సంచీలోంచి అక్షరాల అట్ట తీసి గోడకు తగిలించాడు. షాపులో చూపు పరీక్షకు వాడేదే. కింది వరుసకు పోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి.

"నా సొంత పద్ధతి. మనసులో పాపం ఉన్నవాడికి చూపు నిలవదు. నాలుగో వరుస దగ్గర దొరికిపోతాడు. రారా అబ్బాయ్!"

మొగుడు విసుక్కుంటూ నిలబడ్డాడు. మూడు వరుసలు గడగడా చదివాడు. నాలుగో వరుస దగ్గర కళ్ళు చికిలించాడు.

"అది... 'ప'నా? 'వ'నా?"

"దొరికాడు దొంగ!" చిన్నమామయ్య గంతేశాడు. "చెప్పు, ముఠా నీకేం ఆశ చూపింది?"

"నాకు సరిగ్గా కనబడట్లేదు బాబాయ్!"

"నేరస్థులందరూ అనేది అదే." అంటూనే సంచీలోంచి ఫ్రేమ్ తీసి అతని ముక్కు మీద పెట్టి, అద్దాలు మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

"ఎల్లుండి షాపుకి రా, సిద్ధంగా ఉంటాయి. నీ మీద అనుమానం మాత్రం అలాగే ఉంది."

తర్వాత మామగారి వంతు. ఆయన ఎందుకోగాని గది ఆ చివరనున్న తన మంచం దగ్గర్నుంచి కదలనన్నారు. అక్కణ్ణించే, అంత దూరం నుంచి, అన్ని వరుసలూ తడబడకుండా చదివేసి, అట్ట అడుగున ముద్రించినవాళ్ళ పేరు కూడా చదివారు.

"చూశారా, కడిగిన ముత్యం! అన్నయ్య నిర్దోషి," అని తీర్పిచ్చేశాడు తమ్ముడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చిన్నమామయ్యకి చెమటలు పట్టాయి. విసురుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూసి, మామగారి తలగడ కిందనుంచి తొంగిచూస్తున్న ఎక్స్‌రే కవరు లాగాడు.

"ఒరేయ్, అది ముట్టుకోకు!" మామగారు లేవబోయారు.

"నీ ఊపిరితిత్తులు నాకెందుకన్నయ్యా, కాస్త గాలికి." కవరుతో టపటపా విసురుకుంటూ అటూ ఇటూ తిరగసాగాడు. "ఇక వినండి నా అంతిమ నిర్ధారణ! ఆ డిస్కు ఈపాటికి సముద్రాలు దాటిపోయింది. దాన్ని మానవమాత్రుడెవరూ వెనక్కి తేలేడు. ఈ ఇంట్లో దొరికే ప్రసక్తే..."

కవరు నోట్లోంచి తళతళలాడుతూ ఏదో ఎగిరొచ్చి ఆయన ముక్కుకి తగిలి, నేల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి కోడలి కాళ్ళ దగ్గర ఆగింది.

చుక్కల రేవు. ఆఖరి డిస్కు.

"నేననుకున్నట్టే జరిగింది," అన్నాడు చిన్నమామయ్య ముక్కు రుద్దుకుంటూ.

ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు. కోడలు డిస్కు తీసుకుని మామగారి వైపు చూసింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"మీరా మామయ్యా? నేను ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నారా? ఆయన్ని నానా మాటలూ అన్నాను కదా!"

ఆయన తల దించుకున్నారు. బస్సు తప్పు దారిలో పోనిచ్చి పట్టుబడ్డ డ్రైవర్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"తప్పేనమ్మా. రెండు రోజులు దాచి, మళ్ళీ పెట్టెలో పెట్టేద్దామనుకున్నా. నువ్వు ఏడ్చేసరికి ఎలా పెట్టాలో తెలీలేదు."

"అసలెందుకు దాచారు?"

"అది చూసేస్తే అయిపోతుందిగా." గొంతు సవరించుకున్నారు. "అయిపోతే నువ్వు నీ గదిలోకి, నేను నా మంచం మీదికి. మళ్ళీ 'పెట్టమంటారా', 'పెట్టమ్మా'. సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూడటం అలవాటైపోయిందమ్మా."

కోడలికి కోపం ఎటు పోయిందో తెలీలేదు. ఈ మనిషి తనకోసం, తన పిచ్చి సీరియల్ కోసం రోజంతా గడియారం చూస్తూ కూర్చున్నాడని తెలిసి ఆమె కళ్ళు మళ్ళీ తడిశాయి.

"ఏవండీ, సారీ," అంది మొగుడితో, గోడతో కాకుండా.

"ముందు దాన్ని పెట్టు. ఇంత గొడవయ్యాక నేనూ చూడాలి," అన్నాడతను.

కరెంటు రాగానే అందరూ కూర్చున్నారు. రెండు భాగాలు గడిచాయి. మూడోదాని చివర్లో కెప్టెన్ ఓడ దిగి, అంతవరకు ఎవరూ తెరవని ఓ తలుపు మీద చెయ్యి వేశాడు. తలుపు తెరుచుకుంది. తెరంతా వెలుగు. అంతే, పేర్లు పడ్డాయి.

"తర్వాత?" అన్నారు మామగారు.

కోడలు రిమోట్ నొక్కి నొక్కి చూసింది. "లేదు మామయ్యా. ఇక్కడితో ఆపేశారు. ముగింపు తియ్యనే లేదు." అంత ఎదురుచూపూ ఇందుకేనా అని రిమోట్ పక్కన పడేసింది.

మామగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "ఏంటీ, నడిదారిలో దింపేశారా? నా సర్వీసులో ఒక్కసారి కూడా ఆ పని చెయ్యలేదు. బండి ఆగిపోతే వెనకొచ్చే బండి ఆపి, అందర్నీ ఎక్కించి మరీ కదిలేవాణ్ణి!"

"ఆ తలుపు వెనక ఉన్నది ముఠా నాయకుడు!" అన్నాడు చిన్నమామయ్య. "నా అంచనా ప్రకారం..."

"నువ్వు కూర్చోరా," అని కోడలి వైపు తిరిగారు మామగారు. "నేను చెప్తా విను. ఆ తలుపు వెనక ఇంకో ఓడ ఉంటుంది. నడపడానికి మనిషి ఉండడు. మనవాడు వెళ్ళి సీట్లో కూర్చుంటాడు..."

"మరి పాత ఓడలో ఉన్నవాళ్ళని వదిలేసి పోతాడా? కెప్టెన్ అలాంటివాడు కాదు మామయ్యా."

"వదిలేస్తాడని నేనన్నానా? పూర్తిగా విను మరి."

కోడలు కుర్చీ ఆయన వైపు జరుపుకుంది. మొగుడు లేచి టీవీ కట్టేశాడు. ఆ సంగతి వాళ్ళిద్దరూ గమనించనే లేదు.