మెరకపాలెం జ్ఞాపకానికి సన్మానం

మెరకపాలెం దుఃఖానికి అంతర్జాతీయ గుర్తింపు లభించిందని ఎమ్మెల్యే బంగారరాజు గారు అమలాపురంలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ముప్పయ్యేళ్ళ కిందటి తుఫానులో బతికి బయటపడ్డ ఆ ఊరి ముసలివాళ్ళ మీద ఉమాదేవి అనే ప్రొఫెసర్ రాసిన పరిశోధన విదేశీ పత్రికలో అచ్చయింది. వయసు, జ్ఞాపకం, మనసుకు తగిలిన గాయం అన్నది విషయం. "ఇంత నాణ్యమైన గాయం పక్క నియోజకవర్గంలో లేదు," అని ఎమ్మెల్యే గారు సగర్వంగా చెప్పి, ప్రొఫెసరమ్మకూ ముసలివాళ్ళకూ ఘనంగా సన్మానం చేస్తామన్నారు.

ఆ బాధ్యత సత్యదుర్గారావు నెత్తిన పడింది. పడిందనడం తప్పు, అతనే వంగి పెట్టించుకున్నాడు. బంగారరాజు గారు మెరకపాలెం సర్పంచ్‌గా ఉన్న రోజుల్నించీ వెంట తిరుగుతున్న మనిషి. ఆయన పొద్దున్నే ఎండ బాగుందన్నా, అదే నోటితో వాన పడుతోందన్నా ఇతను "ఆయ్" అంటాడు. ఇంత విశ్వాసానికి ఇన్నాళ్ళకి ఫలితం దక్కబోతోంది. సభ సవ్యంగా జరిగితే మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి నీదేనని మాటిచ్చేశారు. ఇంట్లో అప్పుడే అతన్ని చైర్మన్ గారూ అని పిలుస్తున్నారు. ఫ్లెక్సీలు కట్టించాడు. వాటి మీద ప్రొఫెసరమ్మ బొమ్మ స్టాంపు బిళ్ళంత, ఎమ్మెల్యే గారి బొమ్మ గోడంత.

అంతా బాగానే ఉండగా ఎమ్మెల్యే గారి పీఏ కిషోర్ ఒక పొరపాటు చేశాడు. ఆ పరిశోధన చదివాడు.

"సార్, ఈ ముసలోళ్ళకి గాలి గుర్తులేదంటండి, నీళ్ళూ గుర్తులేవంటండి. తుఫాను షెల్టర్ తలుపొక్కటే గుర్తుందంటండి."

"మంచి తలుపే. టేకుది," అన్నారు ఎమ్మెల్యే గారు.

"లోపల జాగా ఉండగానే గ్రామపెద్ద మూయించేసేడని రాసేరండి."

"పేరు రాసేరా?"

"లేదండి."

"దుర్గారావూ, అప్పుడు సర్పంచ్ ఎవరు?"

"తమరేనండి."

"అలా గుర్తుపెట్టుకోకూడదు. ఆరోగ్యానికి మంచిది కాదు."

"ఆయ్."

నిజానికి దుర్గారావుకి ఆ రాత్రి పెద్దగా గుర్తులేదు. తను లోపల ఉన్నాడు, చీకటిగా ఉంది, అంతవరకే. అందుకే అతనికి బీపీ లేదు, షుగర్ లేదు, పడుకుంటే హాయిగా నిద్ర పడుతుంది.

ఎమ్మెల్యే గారు బాగా ఆలోచించి శాస్త్రీయమైన పరిష్కారం చెప్పారు. ముసలితనంలో మతిమరుపు సహజం. ఆ మాట ముసలివాళ్ళే సభలో ఒప్పుకుంటే పరిశోధన పరువూ దక్కుతుంది, పార్టీ పరువూ దక్కుతుంది.

దుర్గారావు వెంటనే మెరకపాలెం వెళ్ళి రాజ్యం అనే ముసలావిడ ఇంట్లో ముసలివాళ్ళందర్నీ కూర్చోబెట్టాడు. ఆ రాత్రి మూసిన తలుపు బయట రాజ్యం పక్కనే నిలబడ్డ ఆవిడ మొగుడూ, ఆరేళ్ళ కూతురు బేబీ కూడా నీళ్ళలో కొట్టుకుపోయారు, ఆవిడొక్కతే మిగిలింది. పరిశోధనలో మాత్రం ఆవిడ పేరు లేని 'నాలుగో వ్యక్తి'.

"సార్ ఏమడిగినా ఆయ్ అనండి, చాలు," అన్నాడు దుర్గారావు.

"ఏవడుగుతున్నారో వినపడాలా బాబూ?" అందావిడ.

"అక్కర్లేదండి పిన్నిగారూ."

"మా బేబీ సంగతి అడిగినా ఆయ్ అనాలా?"

దుర్గారావు శాలువాల రంగు గురించి మాట్లాడాడు.

సభ రోజు అమలాపురంలో హాలు నిండింది. దండలయ్యాక ఎమ్మెల్యే గారు మైకు పట్టుకుని, ముందు వరసలో శాలువాలు కప్పుకుని కూర్చున్న వృద్ధుల్ని ఆప్యాయంగా పలకరించారు.

"పెన్షన్లు అందుతున్నాయాండీ?"

"ఆయ్."

"మెరకపాలేనికి రోడ్డేయించేనా?"

"ఆయ్," అన్నారు, ఆ రోడ్డు లేనందువల్ల గోదారి దాటించే పంటు పడవ దిగి నడిచొచ్చినవాళ్ళు.

"తుఫాను రాత్రి సంగతులేవీ గుర్తులేవు కదా?"

"ఆయ్."

వేదిక మీద ప్రొఫెసరమ్మ ఏదో చెప్పబోతూ లేచింది. కిషోర్ ఆవిడ మెడలో ఇంకో దండ వేసి కూర్చోబెట్టాడు.

అక్కడితో ఆపి ఉంటే దుర్గారావు చైర్మనయ్యేవాడు. కానీ జనం అంత ముద్దుగా ఒప్పుకుంటూ ఉంటే ఏ నాయకుడికైనా ఆపబుద్ధి కాదు.

"గిట్టనివాళ్ళు షెల్టర్ తలుపు నేనే మూయించేనంటున్నారు. నేనేనా?"

"ఆయ్," అన్నారు అందరూ, మరింత మర్యాదగా.

విలేకరులు ఫోన్లు పైకెత్తారు. ఎమ్మెల్యే గారు గట్టిగా నవ్వి, దుర్గారావుని భుజం పట్టి ముందుకి లాగారు.

"పెద్దవాళ్ళు, పొరబడ్డారు. మన దుర్గారావు ఆ రాత్రి షెల్టర్‌లో నా పక్కనే ఉన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. చెప్పు దుర్గారావు, తలుపెయ్యమని నీకు నేను చెప్పేనా?"

మైకు నోటి ముందుకొచ్చింది. లేదండి అనాలని దుర్గారావుకి తెలుసు. చైర్మన్ కుర్చీ ఆ ఒక్క మాట దూరంలో ఉందని కూడా తెలుసు. కానీ ఎదురుగా ఉన్నది బంగారరాజు గారి ముఖం. ఇన్నేళ్ళలో ఆ ముఖానికి కాదని చెప్పి ఎరగడు.

"ఆయ్," అన్నాడు.

అది స్పీకర్లలో హాలంతా వినపడింది.

రాజ్యం శాలువా తీసి కుర్చీలో పెట్టింది. మెల్లిగా వేదిక ఎక్కి ప్రొఫెసరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇది మీకు చెప్పలేదమ్మా, రాసుకోండి. తలుపు పడే ముందు లోపల్నించి ఇదే గొంతు ఇలాగే ఆయ్ అనడం వినపడింది."