చూపించవచ్చు, తగ్గించకూడదు

తిరువూరు శివార్లలోని వైద్య కళాశాల ఆసుపత్రిలో డాక్టర్లందరూ సమ్మెకు దిగినప్పటికీ, విద్యార్థుల చదువుకు వెంట్రుకవాసి ఆటంకం కూడా కలగలేదని అందరికీ సంతోషంతో తెలియజేయడమైనది. రోగులకు కలిగిన ఆటంకం గురించి ఆ ప్రకటనలో ఏమీ లేదు. ఒకే ప్రకటనలో అన్నీ ఇరికిస్తే చదివేవాళ్ళకి కష్టం కదా.

తగాదా చాలా న్యాయమైనది. ముఖం చూపించి హాజరు వేసుకునే యంత్రాన్ని యాజమాన్యం వరండాలో గోడకు బిగించింది. ఏళ్ల తరబడి సేవ చేస్తున్న తమను రోజూ ముఖం చూపించమనడం అవమానమని డాక్టర్లు గేటు పక్కన షామియానా వేసుకుని కూర్చున్నారు. దానివల్ల ఒక మేలు కూడా జరిగింది. వార్డుల్లో ఎన్నడూ కనబడని కొందరు డాక్టర్లను జనం మొదటిసారి కళ్ళారా చూశారు. "అదుగో, ఆ కళ్ళజోడాయనే చర్మాల డాక్టరంట" అని పిల్లలకు చూపించారు.

అయితే విద్యార్థులు మంచం పక్కన నిలబడి రోగిని చూడకపోతే పరీక్షకు పనికిరారు. తల్లిదండ్రులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ప్రిన్సిపాల్ సుధామయి గారు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి ఒక చారిత్రక ఒప్పందం కుదిర్చారు. దాని సారాంశం ఇది: డాక్టర్లు రోజూ ఉదయం షామియానాలోంచి లేచి వార్డులోకి వచ్చి పాఠం చెప్తారు. పాఠం అయ్యాక తిరిగి షామియానాకు వెళ్ళిపోతారు. బోధన సమ్మెలో లేదు, వైద్యం మాత్రమే సమ్మెలో ఉంది. కనుక రోగాన్ని చూపించవచ్చు, తగ్గించకూడదు.

ఒప్పందం చక్కగా అమలైంది. ఒక కుర్ర డాక్టరు మాత్రం పాఠం మధ్యలో పరధ్యానంగా ఒక ముసలాయనకు జ్వరం మాత్ర రాసేశాడు. సమ్మె ద్రోహి అని తోటివాళ్ళు కేకలేస్తే, ఇకముందు ఎవరికీ జ్వరం తగ్గించనని క్షమాపణ చెప్పుకున్నాడు.

"ఇదివరకు పొద్దుటి బ్యాచ్ చూసిన జ్వరం మధ్యాహ్నం బ్యాచ్ వచ్చేసరికి తగ్గిపోయేది!" అని సుధామయి గారు సభ పెట్టి చెప్పారు. "ఇప్పుడు ఏ రోగమూ మధ్యలో వెళ్ళిపోవడం లేదు. రోగాలలో ఇంత క్రమశిక్షణ నా సర్వీసులో చూడలేదు!" అందరూ చప్పట్లు కొట్టారు. రోగులు కొట్టలేదు, చేతులకు సూదులున్నాయి. వాటిని పీకాలన్నా డాక్టరు రాయాలి.

కరుణశ్రీ ఆ కళాశాలలో మూడో సంవత్సరం విద్యార్థిని. రెడ్డిగూడెం పిల్ల. హాజరు పిలిచినప్పుడు ఆమె పలికే మాట పక్క బెంచీకి కూడా వినబడదు కాబట్టి, తరగతిలో కూర్చునే ఆబ్సెంటు వేయించుకున్న ఘనత ఆమెది. ఆ అమ్మాయికి కేసుగా వచ్చిన మనిషి పెనుగొలను మేరమ్మ. పత్తి తీసే కూలీ. పొట్టలో నొప్పితో షేర్ ఆటోలో వచ్చి చేరింది. కేసు వచ్చిన విద్యార్థి ఆ రోగిని అన్నీ అడిగి తెలుసుకుని, ప్రొఫెసరు ముందు అందరూ వినేలా అప్పజెప్పాలి. అందరూ వినేలా అన్నదే కరుణశ్రీకి రోగం కంటే పెద్ద భయం.

"నొప్పి ఎక్కడ మొదలైంది పెద్దమ్మా?"

"కాస్త గట్టిగా అడగవే తల్లీ. నొప్పి నాకా నీకా?" అంది మేరమ్మ. "బొడ్డు దగ్గర మొదలై ఇదుగో, ఈ కుడి పక్కకి దిగింది. వాంతులవుతున్నాయి."

సర్జరీ ప్రొఫెసర్ దత్తాత్రేయులు గారు వచ్చి, అపెండిక్స్ వాచిందని తేల్చి, ఎంతో శ్రద్ధగా పాఠం చెప్పారు. విద్యార్థులందరితో వరసగా పొట్ట నొక్కించారు.

"నా పొట్టేమన్నా చర్చి గంటా, వచ్చినోళ్ళంతా మోగించిపోడానికి?" అని మేరమ్మ మొత్తుకుంది.

"చూశారా, నొక్కి వదిలినప్పుడు ఎక్కువ అరిచింది. అదే గుర్తు," అన్నారు ప్రొఫెసరు మెచ్చుకోలుగా. "ఇవాళ నొప్పి మాత్రమే. రేపటికి పొట్ట బిగుస్తుంది. ఎల్లుండి పగలవచ్చు. ఇలాంటి కేసు మొదటినుంచీ చివరిదాకా చూసే అదృష్టం మా కాలంలో మాకు లేదు, మధ్యలోనే ఆపరేషన్ చేసేసేవాళ్ళు. ఎల్లుండి ఎవరూ సెలవు పెట్టకండి."

అందరూ రాసుకున్నారు. కరుణశ్రీ పెన్ను కదల్లేదు. చివరిదాకా అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది.

క్లాసు అయ్యాక మేరమ్మను బెజవాడ పంపిద్దామని చూసింది. గేటు దగ్గర వాచ్‌మన్ డిశ్చార్జి చీటీ అడిగాడు. చీటీ మీద డాక్టరు సంతకం ఉండాలి. సంతకం వైద్యం కిందికి వస్తుంది. పైగా సుధామయి గారు మందలించారు. "కేసును బయటికి పంపేస్తావా? రేపు నీ తోటివాళ్ళు ఎవరిని చూసి చదువుకోవాలి? స్వార్థం పనికిరాదమ్మా."

మర్నాటికి ప్రొఫెసరు మాట పొల్లుపోలేదు. మేరమ్మ పొట్ట చెక్కలా బిగిసింది. మాటకారి మేరమ్మ మాట్లాడ్డం మానేసి కరుణశ్రీ చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నేను పరీక్ష తప్పుతానేమోనే," అని మాత్రం గొణిగింది. ప్రొఫెసరు వచ్చి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూపించి, సంతృప్తిగా షామియానా వైపు తిరిగారు.

"సార్!"

ఎవరు అరిచారా అని అందరూ చూశారు. అరిచింది తనేనని కరుణశ్రీకి కూడా కాస్త ఆలస్యంగా తెలిసింది.

"సిలబస్‌లో ఆపరేషన్ కూడా ఉంది సార్. అది ఇంకా చూపించలేదు సార్."

దత్తాత్రేయులు గారు ఆగిపోయారు. పాఠం సగంలో వదిలేశాడన్న మాట ఆయన ఉద్యోగంలో ఎన్నడూ పడలేదు. వెంటనే షామియానాలో అత్యవసర సమావేశం పెట్టారు. కొయ్యడం బోధనే అని తొందరగానే ఒప్పుకున్నారు. అపెండిక్స్ బయటికి తీయడం కూడా, విద్యార్థులకు కనబడాలి కాబట్టి, బోధనే. తిరిగి కుట్టడం దగ్గర చర్చ వేడెక్కింది. అది పచ్చి వైద్యమని కొందరు వాదించారు. కుట్లు కూడా సిలబస్‌లో ఉన్నాయని పుస్తకం తెచ్చి చూపించాక శాంతించారు. మత్తు డాక్టరు గారు మత్తు గురించి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. నాకు పాఠం చెప్పించుకోవడం ఇష్టమే అని మేరమ్మ చేత సంతకం పెట్టించుకుని లోపలికి తీసుకెళ్ళారు.

పాఠం విజయవంతమైంది. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందని, తాము మరికాస్త ఆగి ఉంటే ఇంకో పాఠం కూడా కలిసివచ్చేదని ప్రొఫెసరు కొంచెం నొచ్చుకున్నారు. చీటీ రాయకూడదు కనుక మందుల పేర్లు బ్లాక్‌బోర్డు మీద రాశారు. విద్యార్థులు నోట్సు రాసుకున్నారు. నర్సు కూడా రాసుకుని ఇంజెక్షన్ తెచ్చింది. చదువుకోవాలన్న కోరిక నర్సుకు ఉంటే తప్పేముంది?

ఆ కిటుకు అన్ని వార్డులకూ పాకింది. ప్రతి మంచం దగ్గరా ఒక విద్యార్థి చెయ్యెత్తి, "దీనికి మందేమిటో చెప్పలేదు సార్!" అనడం మొదలుపెట్టాడు. బోర్డులు వార్డుల్లోకి వచ్చాయి. డాక్టర్లు టంచనుగా వచ్చేవారు. ఎవరైనా రాకపోతే సమ్మె శిబిరంలోనూ లేడని తోటివాళ్ళకి తెలిసిపోతుంది. వచ్చి, రోగం పేరేమిటో, ఎందుకొచ్చిందో, ఏం తినాలో విద్యార్థులకు విడమరిచి చెప్పేవారు. తమకేం జబ్బో రోగులకు అలా తెలిసింది. గంపలగూడెం నుంచి ఆటోలు కిక్కిరిసి వచ్చాయి. సమ్మె జరుగుతున్న ఆసుపత్రిలో పడకలు చాలలేదు.

ఇంత చక్కగా సాగుతుండగా సమ్మె ఫలించింది. యంత్రాన్ని గోడనుంచి పీకేశారు. డాక్టర్లు మిఠాయిలు పంచుకుని విధుల్లో చేరారు.

విధుల్లో చేరిన మర్నాడు వార్డులో ఒక్క డాక్టరూ లేడు.

మేరమ్మ కుట్ల దగ్గర ఎర్రగా వాచి చీము పట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. కరుణశ్రీ ప్రొఫెసరు గదికి పరుగెత్తింది. అటెండరు శౌరయ్య తలుపు దగ్గర కూర్చున్నాడు.

"సారు డ్యూటీలో ఉన్నారమ్మా."

"ఎక్కడ?"

"అదేం ప్రశ్నమ్మా? సమ్మెలో ఉంటే షామియానాలో ఉన్నారని చెప్పేవోణ్ణి. డ్యూటీలో ఉన్నోళ్ళని ఎక్కడని చెప్పను?"

మేరమ్మ ఈ సంగతి విని దుప్పటి కప్పుకుని లేచింది. కరుణశ్రీ భుజం పట్టుకుని గేటు దాకా నడిచి, ఖాళీ అయిన షామియానా కింద కూలబడింది. "డాక్టర్లు మళ్ళీ సమ్మె చేసిందాకా నేను లేవను. కావాలంటే నా కుట్లతోనే పోతాను!" అంది. ఆమె వెనకే నడవగలిగిన రోగులందరూ వచ్చారు. విలేకరులు వచ్చారు. సుధామయి గారు కంగారుగా ఫోన్ చేస్తే, దత్తాత్రేయులు గారు బస్టాండు దగ్గరున్న సొంత క్లినిక్కు నుంచి కారులో దిగారు.

కరుణశ్రీ అప్పటికే హాస్టలంతా తిరిగి విద్యార్థులను పిలుచుకొచ్చింది. తెల్లకోట్లు చుట్టూ మూగేసరికి ఆయనకు అలవాటైన పాఠం తన్నుకొచ్చింది. "చూడండి, ఆపరేషన్ తర్వాత గాయంలో చీము పడితే ఏం చేయాలి..." అంటూ అక్కడే రెండు కుట్లు విప్పి, చీము తీసి, కట్టు కట్టి, మందు పేరు గట్టిగా చెప్పారు. కరుణశ్రీ అంతకంటే గట్టిగా నర్సుకు వినిపించింది. మేరమ్మ బతికింది.

డాక్టర్లు శాశ్వతంగా సమ్మెలో ఉండాలని కోరుతూ రోగులు రాసిన అర్జీ ఇప్పుడు తిరువూరంతా తిరుగుతోంది. పత్తి కూలీలు సంతకాలు పెట్టారు, మామిడి తోటల కాపలావాళ్ళు పెట్టారు, ఆటోవాళ్ళు పెట్టారు. చదువుకున్న పెద్దమనుషులు మాత్రం ఆసక్తిగా చదివి, హాయిగా నవ్వి, సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చేశారు. వాళ్ళకేం అవసరం? ఒంట్లో నలతగా ఉంటే ఫోన్ చేయడానికి తెలిసిన డాక్టరు ఒకరు ఉండనే ఉన్నారు. ఇంతసేపూ నవ్విన మీకూ ఉండే ఉంటారు లెండి.