ప్లాస్టిక్ మొక్కకు కొత్త ఆకు

ఆ సోమవారం పొద్దున పెద్దక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికన్నా ముందు ఆఫీసుకు వెళ్లాలి, కిటికీ పక్కనున్న తన మొక్క ఆకుల్ని తడిగుడ్డతో తుడవాలి, రెండో వైపుకు కూడా వెలుతురు తగిలేలా కుండీని కాస్త తిప్పాలి, ఆ తర్వాత తన హెడ్ క్లర్కు కుర్చీలో కూర్చుని లోకం సంగతి చూడాలి. గుడ్డ తడుపుకుని వచ్చేసరికి గోడ మీద నోటీసు కనిపించింది. దోమలు, మట్టి, తేమ వగైరా కారణాల వల్ల ఆఫీసులో ప్రాణమున్న మొక్కలు ఉండరాదనీ, సాయంత్రంలోగా వాటిని వెనక పెరట్లో పడేయాలనీ, ఇకమీదట ప్లాస్టిక్ మొక్కలే పెట్టాలనీ కొత్త మేనేజరు సంతకం పెట్టి మరీ చెప్పాడు.

పెద్దక్క ఎవరికీ సొంత అక్క కాదు. ఆఫీసంతా అలా పిలవడానికి కారణం వయసూ కాదు, నోరు. ఇక మొక్క సంగతంటారా, నడుము దాటి పెరిగిన మాన్‌స్టెరా. పళ్లెమంత ఆకులు, ఆకు నిండా చిల్లులు. పాత బిల్డింగు ఖాళీ చేసిన రోజు ఎవరో తొక్కి పారేసిన కాడ ముక్కను చెత్తలోంచి తీసి, నీళ్ల సీసాలో పెట్టి, వేరు వచ్చేదాకా రోజూ పలకరించి బతికించింది ఆవిడే. ఇంటికి తీసుకుపోదామంటే ఆవిడ ఇంట్లో వెలుతురు కరెంటు బిల్లు కడితేనే వస్తుంది. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడను చూస్తూ కూర్చుంటుంది. ఆఫీసు పెరట్లో పెడదామంటే అక్కడ నీడన్నదే లేదు. పెద్ద చెట్ల కింద పెరిగే జాతి ఇది, ఆ మండుటెండలో వారం తిరక్కుండానే మాడిపోతుంది.

"పోనీ ప్లాస్టిక్‌దని చెప్పేస్తే పోలా పెద్దక్కా?" అన్నాడు టైపిస్టు, కుర్చీ లాక్కుంటూ.

"అబద్ధం నేను చెప్పను తమ్ముడూ. కావాలంటే ఆయన్నే అలా అనుకోనిద్దాం."

అనుకోవడానికి కావాల్సిన ఏర్పాట్లన్నీ చకచకా జరిగిపోయాయి. కుండీలో మట్టి కనపడకుండా తెల్ల గులకరాళ్లు పరిచింది. ఆకుల్ని తళతళలాడేదాకా తుడిచింది. టైపిస్టు కొత్తగా కొన్న గొడుగుకు వేలాడుతున్న ధర చీటీ తెంపి కాడకు కట్టింది. "చీటీ అబద్ధం చెబితే ఆ పాపం చీటీది," అని తనకు తానే తీర్పు కూడా చెప్పుకుంది.

సాయంత్రానికి మిగతా బల్లల మీది చిన్నాచితకా మొక్కలన్నీ సంచుల్లో ఇళ్లకు బయల్దేరాయి. మేనేజరు తనిఖీకి వచ్చి మాన్‌స్టెరా ముందు ఆగాడు. చీటీ చూశాడు. ఆకును వేలితో రుద్ది చూశాడు.

"ఎంత బాగా చేశారండీ. అచ్చం నిజం మొక్కలాగే ఉంది."

"అవునండీ, అచ్చం అలాగే ఉంది," అంది పెద్దక్క.

"మరి కిటికీ దగ్గరెందుకు పెట్టారు? ఎండకు రంగు వెలిసిపోతుంది. నా గదిలోకి మార్పించండి."

పెద్దక్క అడ్డు చెప్పేలోపే మొక్క మేనేజరు గదిలోకి, పరదాలు మూసిన చీకట్లోకి, సరిగ్గా ఏసీ కింద ఆయన బల్ల పక్కకి చేరిపోయింది. చలిగాలంటేనే గిట్టని మొక్క అది. ఆ రాత్రి ఆవిడ ఇంట్లో అన్నం కెలికి వదిలేస్తే, ఆఫీసులో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని భర్త అడిగాడు.

"ఇప్పటికైతే బాగానే ఉంది," అంది.

మర్నాడు మేనేజరు భోజనానికి వెళ్లగానే చెంబు పట్టుకుని గదిలో దూరింది. టైపిస్టు గుమ్మం దగ్గర కాపలా. మళ్లీ ఎప్పుడు వీలవుతుందో ఏమోనన్న కంగారులో ఒక చెంబుకు బదులు రెండు పోసింది. ఈ మొక్కల తీరేమిటంటే, ఒంట్లో నీళ్లు ఎక్కువైతే తెల్లారేసరికి ఆకు కొసల నుంచి చుక్కలుగా కార్చేస్తాయి. పొద్దున మేనేజరు వచ్చి చూసేసరికి బల్ల మీది ఫైలు తడిసి ఉంది. ఆయన పెట్టిన సంతకం నీలంగా సాగి పక్క కాయితం మీదికి వలస పోయింది. ఆయన తలెత్తి చూశాడు. పైన ఏసీ ఉంది. ఇంకేం కావాలి, మెకానిక్కు కబురు వెళ్లింది.

"ఇది కారట్లేదు సార్," అన్నాడు మెకానిక్కు, నిచ్చెన మీంచి.

"కారకపోతే ఈ నీళ్లెక్కడివయ్యా? ప్లాస్టిక్ మొక్క ఏడుస్తోందా?"

మెకానిక్కు ఎదురు చెప్పలేక ఏసీని విప్పి షాపుకు మోసుకుపోయాడు. పాడవని మిషన్ని బాగుచేయడం కష్టం కనుక అది తొందరగా తిరిగి రాలేదు. ఉక్కపోతకు తట్టుకోలేక మేనేజరు పరదాలు తీయించాడు, కిటికీలు తెరిపించాడు. ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. మొక్కకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వెలుతురూ వెచ్చదనమూ దొరికేసరికి పై కాడలోంచి చుట్టగా చుట్టుకున్న లేత ఆకొకటి బయటికి తోసుకొచ్చింది.

దాన్ని పెద్దక్క కన్నా ముందు మేనేజరే చూశాడు.

"ఇక్కడొకటి ప్యాకింగు విప్పకుండానే అమ్మేశారండీ," అని పెద్దక్కను పిలిచి చూపిస్తూ లాగబోయాడు.

"ముట్టుకోకండి." పెద్దక్క గొంతుకు ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "దానంతట అదే విప్పుకుంటుంది."

"ఆటోమేటిక్కా?"

పెద్దక్క ఒక్క క్షణం ఆలోచించింది. ఎవరూ విప్పకుండా విప్పుకునేదాన్ని మరేమనాలి? "అలాగే అనుకోండి," అంది.

ఆయన అలాగే అనుకున్నాడు. అనుకుని ఊరుకుంటే కథ కంచికి వెళ్లేదే. హెడ్డాఫీసుకు ఫోను చేసి, తన గదిలో ఆకులు విప్పే ప్లాస్టిక్ మొక్క ఉందనీ, అది తన ఎంపికేననీ చెప్పేసుకున్నాడు. వారం తిరిగేసరికి అక్కడి నుంచి పెద్ద మేడమ్ స్వయంగా దిగింది. ఆకు అప్పటికి పూర్తిగా విచ్చుకుని, చిల్లులతో సహా నిగనిగలాడుతోంది.

"అద్భుతం," అంది పెద్ద మేడమ్. "ఇదే సరైన పద్ధతి. ఈ నెలాఖరుకి అన్ని బ్రాంచీల్లోనూ మొక్కలన్నీ పీకించేసి ఇలాంటివి పెట్టిద్దాం."

పెద్దక్కకు ఒళ్లంతా భగ్గుమంది. తన ఒక్క మొక్కను కాచుకోబోయి ఊళ్లో ఉన్న మొక్కలన్నిటి ప్రాణాల మీదికీ తెచ్చింది. మేనేజరు మీద వచ్చిన కోపం కన్నా తన మీద తనకు వచ్చిన కోపం ఎక్కువ. కుండీ దగ్గరికి వెళ్లి అడ్డంగా నిలబడింది.

"మేడమ్, ఇది బతికున్న మొక్క. చెత్తలోంచి తెచ్చి నేనే పెంచాను. ఆ చీటీ గొడుగుది."

మేనేజరు గబుక్కున ముందుకొచ్చాడు.

"ఆవిడకు తెలీదు మేడమ్. ప్లాస్టిక్కే. నేనే స్వయంగా పరీక్షించాను."

"పరీక్షించారా? మొన్నామధ్య దీని ఏడుపు చూసి ఏసీని ఊడదీయించారు మీరు." పెద్దక్క రాళ్లు పక్కకు తోసి, గుప్పెడు తడిమట్టి తీసి ఆయన ఫైలు మీదే పెట్టింది. "నా తప్పుంది, కాదనను. శిక్ష వేస్తారా, వేసుకోండి. ఇంటికి పంపిస్తారా, ఇప్పుడే పోతాను. కానీ నా మొక్కని చూపించి మిగతా మొక్కల్ని చంపుతామంటే మాత్రం ఊరుకోను. పీకేవాళ్లు ముందు నా దగ్గరికి రండి."

పెద్ద మేడమ్ మట్టిని చూసింది, ఆకును గోటితో గిల్లి తడి చూసుకుంది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"మీ ఫోను రాగానే నేను పైకి రిపోర్టు పంపేశాను," అంది నెమ్మదిగా. "మన దగ్గర ప్లాస్టిక్ మొక్కకు ఆకులొస్తున్నాయని. పైవాళ్లు మెచ్చుకుంటూ జవాబు కూడా రాశారు. ఇప్పుడు అది బతికున్నదేనని రాస్తే నా తల ఎక్కడ పెట్టుకోను?"

ఆ తలను ఎక్కడ పెట్టాలో చెప్పే హోదా ఆ గదిలో ఎవరికీ లేదు.

"కాబట్టి ఇది ప్లాస్టిక్కే," అని పెద్ద మేడమ్ తేల్చేసింది. "బ్రాంచీల్లో ఉన్నవి కూడా ఇవాళ్టి నుంచి ప్లాస్టిక్కే. ఒక్కటి కూడా కదపడానికి వీల్లేదు. లేనిచోటికి హెడ్ క్లర్కు గారు దీని కాడలు కోసి పంపిస్తారు. ఇకపోతే మేనేజరు గారూ, ఇది మీ ఎంపిక అన్నారు కదా, పూచీ మీదే. పైవాళ్లు ఎప్పుడు చూడ్డానికి వచ్చినా పచ్చగా కనపడాలి. ఎండిపోయిందా, ప్లాస్టిక్ ఎలా ఎండిందో మీరే సంజాయిషీ రాయాలి."

మొక్క ఆ సాయంత్రమే తన కిటికీ దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. మేనేజరు బల్ల కూడా దాని వెనకే అక్కడికి మారింది. ఎన్ని నీళ్లు పోయాలి, ఎప్పుడు పోయాలి, ఆకు పసుపు తిరిగితే దేనికి గుర్తు అని ఆయన రోజుకు నాలుగుసార్లు పెద్దక్కను అడుగుతాడు. ఆవిడ ముందు నోరారా చీవాట్లు పెట్టి, తర్వాత ఓపిగ్గా చెబుతుంది.

సెలవురోజుల్లో కూడా ఆఫీసుకు ఎందుకు వెళ్తున్నారని భార్య నిలదీస్తే, ప్లాస్టిక్ మొక్కకు దాహం వేస్తుందని మేనేజరు ఉన్నమాటే చెప్పాడు.