ఫ్రిజ్ మీది చేతిరాత

ఆ ఉదయం నిరంజన్ వేసుకున్న పథకం చిన్నదే. కాకినాడ నుంచి ఢిల్లీలోని జనక్‌పురికి చుట్టపుచూపుగా వచ్చిన మామగారు భీమేశ్వరరావుకు, కూతురు ఇల్లు విడిచి వెళ్లిన సంగతి తెలియకూడదు. ఈలోగా ఆమెను ఎలాగోలా బతిమాలి తెచ్చుకోవాలి.

ప్రణతి అలిగి గ్రేటర్ నోయిడాలో స్నేహితురాలి గదికి వెళ్లిపోవడానికి కారణం ఆమె చేతిరాతే. తలకట్లు కాస్త వాల్చి, కొమ్ములు సాగదీసి రాసే ఆ సొగసు చూసే అతను ప్రేమలో పడ్డాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఫాంట్లు తయారుచేసే ఉద్యోగం కదా, పెళ్లికి ముందు ఆమె తనకు రాసిన ఉత్తరాలన్నీ స్కాన్ చేసి, ఆ అక్షరాలను ఫాంటుగా మలిచి, కరోల్ బాగ్‌లో శుభలేఖలు అచ్చువేసే ఆసామికి అమ్మేశాడు. ఆమెను ఒక్కమాట అడగాలని తోచలేదు మహానుభావుడికి. ముక్కూమొహం తెలియని వాళ్ల శుభలేఖ తన రాతలో ఇంటికి వచ్చిన రోజున ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ ఫాంటే అతనికి దిక్కయింది. ప్రణతికి కాలేజీలో పరీక్షల డ్యూటీ అనీ, తెల్లవారకముందే వెళ్లి మీరు పడుకున్నాక వస్తుందనీ మామగారికి చెప్పాడు. రుజువుగా "నాన్నా, ఫ్లాస్కులో కాఫీ ఉంది" అని నీలం రంగులో ప్రింటు తీసి ఫ్రిజ్‌కు అంటించాడు. పెద్దాయన చదివి తల ఊపి, అమ్మాయి చేతి చారు తినాలని ఉందన్నాడు. నిరంజన్ చీకటితో లేచి చారు కాచాడు. నమ్మకం కుదరడానికి ఆమె తువ్వాలు తడిపి ఆరేశాడు, చెప్పులు అటూ ఇటూ జరిపాడు. తీరా తను ఆరేసిన తువ్వాలే గాలికి కదిలితే కెవ్వుమన్నంత పనిచేశాడు. ఫోన్ చేస్తే ప్రణతి ఎత్తడం లేదు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి, ఫ్రిజ్ మీద అతను అంటించని చీటీ ఉంది. అదే రాత.

"చారులో ఉప్పు రెండుసార్లు పడింది. చారు పెట్టింది నువ్వేనని నాకు తెలుసు."

ప్రింటర్ చల్లగా ఉంది. తీగ కూడా పీకేసి ఉంది. నిరంజన్ మామగారిని పిలిచాడు.

"ఇది ఎవరు పెట్టారు, మామయ్యగారూ?"

"అమ్మాయే. ఇందాక నా పక్కన కూర్చుని రాసింది."

ఆయన అంత నింపాదిగా అనేసరికి అతనికి దయ్యాల కథలన్నీ గుర్తొచ్చాయి. ఫోన్ ఎత్తని మనిషికి ఏమైనా అయిందేమో! చీటీ పీకి చూశాడు. ఫాంటులో 'చారు' అని నూరుసార్లు కొట్టినా ఒకేలా పడుతుంది. ఇక్కడ రెండు చారులూ రెండు రకాలుగా ఉన్నాయి. కాగితం వెనక పెన్ను నొక్కులు వేలికి తగిలాయి.

"నా కూతురు నాకు కాఫీ ఉందని చీటీ రాయదు బాబూ, లేపి చేతికిస్తుంది" అన్నాడు భీమేశ్వరరావు. మొదటి చీటీ చూడగానే ఆయన ఆమెకు ఫోన్ చేశాడట. అప్పటినుంచీ అతను ఆఫీసుకు వెళ్లగానే ఆమె వచ్చి, తిరిగొచ్చేలోపు వెళ్లిపోతోందట.

ఇవాళ వెళ్లలేదు. వంటింట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడింది. నిరంజన్‌కు ఏడుపొచ్చేసింది.

"తప్పయిపోయింది ప్రణతీ. ఆ ఫాంటు రేపే వెనక్కి తీసుకుంటాను."

"ఆ ఉత్తరాలు నీకొక్కడికే రాసినవి నిరంజన్" అంది ఆమె. "నోటితో కాదు, రాసివ్వు. చేత్తో."

సంతకం తప్ప చేత్తో ఏదీ రాసి ఎన్నేళ్లయిందో. చెమటలు కక్కుతూ నాలుగు వాక్యాలు రాశాడు. మామగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, చదవడం తనవల్ల కాదని పక్కన పెట్టేశాడు. ప్రణతి మాత్రం కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా చదివింది.

ఈ రాతను మాత్రం ఏ జన్మలోనూ ఎవరూ కొనరని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.