లైసెన్సు లేని మహాభాగ్యం

పరాయి దేశం నుంచి వచ్చి స్థిరపడినవాడికి ఫ్రాన్సు ప్రభుత్వం చేయగలిగిన అతి గొప్ప మేలు ఏమిటో తెలుసా? అతని డ్రైవింగ్ లైసెన్సు పుచ్చుకుని, పద్నాలుగు నెలలపాటు తిరిగి ఇవ్వకపోవడం!

నవ్వకండి. ఈ బ్రుయాక్ గ్రామంలో నేను ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ రాతి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. మూడు శీతకాలాలు గడవగానే ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయినవాళ్ళందరి దగ్గరా లైసెన్సులు భేషుగ్గా ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే వెళ్ళగలిగారు! క్లైవ్ పార్డో మాత్రం నిలిచాడు. ఎలా నిలిచాడో వినండి.

క్లైవ్ వుల్వర్‌హాంప్టన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు డ్రైవింగ్ నేర్పిన మాస్టారు. రెండు వేలమందిని రోడ్డెక్కించాడు. ఎర్రదీపం దాటి ఎరగడు. భార్య ఐలీన్ మాత్రం స్టీరింగ్ ముట్టుకోదు. పెళ్ళయిన కొత్తలో ఆయన దగ్గర ఒకే ఒక్క పాఠం నేర్చుకుంది. కాపురం నిలబడాలంటే అది చాలని ఇద్దరూ అనుకున్నారు.

ఉద్యోగం మానేశాక మా ఊళ్ళో ఇల్లు కొనుక్కుని ఆరేళ్ళు ఉన్నారు. ఆ ఆరేళ్ళలో ఊరివాళ్ళతో మాట్లాడింది "బోఁజూర్" అన్న ఒక్క పలకరింపే. ఎలా మాట్లాడతారు? కారుంది కదా! చుట్టుపక్కల నలభై కిలోమీటర్ల మేర ఇంగ్లీషువాళ్ళు ఎక్కడెక్కడున్నారో వెతుక్కుంటూ వెళ్ళేవారు. అందరూ ఒకచోట చేరి, ఇక్కడ మంచి టీపొడి దొరకదనీ, దుకాణాలు మధ్యాహ్నం రెండు గంటలపాటు మూసేస్తారనీ, ఫ్రెంచివాళ్ళు కొత్తవాళ్ళతో కలవరనీ బాధపడి, ప్రశ్నల పోటీ ఆడుకుని ఇళ్ళకు పోయేవారు.

ఇలాంటి మనిషిని బాగుచేయడానికి లైసెన్సుల ఆఫీసు పూనుకుంది.

డెబ్బయ్యో పుట్టినరోజుతో క్లైవ్ ఇంగ్లీషు లైసెన్సు గడువు తీరుతుంది. పద్ధతిగల మనిషి కాబట్టి నాలుగు నెలల ముందే ఫ్రెంచి లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. ఫొటోలో కళ్ళజోడు మెరుస్తోందని తిప్పి పంపారు. కళ్ళజోడు తీసి పంపితే, కళ్ళజోడుతో నడిపేవాడు కళ్ళజోడు లేకుండా ఎందుకున్నాడని అడిగారు. లండను నుంచి తెప్పించిన ధ్రువపత్రం మూడు నెలల లోపుది కావాలన్నారు. అది వీళ్ళ ఆఫీసులో నాలుగు నెలలు నిద్రపోయి, పాతదైపోయింది కాబట్టి మళ్ళీ తెమ్మన్నారు. వుల్వర్‌హాంప్టన్ అనే ఊరు తమ పట్టికలో లేదన్నారు. పాపం, అక్కడ పుట్టడం ఆయన తప్పే కదా!

పుట్టినరోజు వచ్చింది. కేకు కోశారు. మర్నాటి నుంచి కారు షెడ్డులో ఉండిపోయింది.

రొట్టెల దుకాణం ఆరు కిలోమీటర్లు. మందుల దుకాణం పదకొండు. పదిహేను రోజులు సైకిలు తొక్కి, మోకాలు వాచాక, క్లైవ్ ఒక రైతు దగ్గర లైసెన్సు అక్కర్లేని బుల్లి కారు కొన్నాడు. అందులో రెండే సీట్లు. నలభై అయిదు కిలోమీటర్ల వేగం దాటదు. కుట్టుమిషనులా టకటకలాడుతుంది. మా వైపు అలాంటి బండి నడిపేది ఎవరో అందరికీ తెలుసు. తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నవాళ్ళు!

క్లైవ్‌కు మాత్రం తెలియదు.

మొదటి ఆదివారం ఆయన ఆ బండిని కఫే ముందు ఆపేసరికి అక్కడ అప్పటికే అలాంటివి మూడున్నాయి. ఇంటి పైకప్పులు వేసే ఫిర్మాన్ లెస్కూర్ లోపలినుంచి బయటికి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆరేళ్ళుగా తల పంకించడం తప్ప పలకరించని మనిషి క్లైవ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎన్ని గ్లాసులయ్యా?"

"ఒక్కటి కూడా లేదండీ. నేను తాగను. నా కాగితాలు ఆఫీసులో ఆగిపోయాయి, అంతే."

"అవునవును. మా ఆవిడకి నేనూ అదే చెప్పాను," అన్నాడు ఫిర్మాన్ జాలిగా. "రా, లోపలికి రా. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు."

ఆ బండి ఎలాంటివాళ్ళు నడుపుతారో క్లైవ్‌కు అప్పుడు అర్థమైంది. తన పరువు కాపాడుకోవడానికి ఏం చేశాడో తెలుసా? "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది" అని ఆఫీసువాళ్ళు పంపిన ఉత్తరాన్ని బండి వెనక అద్దానికి అంటించాడు. ఊరంతా వచ్చి చూసింది. చదవడానికి ఎవరూ కళ్ళజోడు తెచ్చుకోలేదు. పైనున్న ప్రభుత్వ ముద్ర చాలు కదా! "కోర్టు తీర్పును బండికే అంటించుకున్నాడంటే గుండె గలవాడే!" అని మెచ్చుకున్నారు.

అప్పటి నుంచి చూడండి వైభోగం! ఫిర్మాన్ పొయ్యి కట్టెలు దించిపోయాడు. రొట్టెల దుకాణం మదామ్ ఫాయోల్, మొగుడి చేత తాగుడు మాన్పించిన మనిషి, రోజూ బాగా కాలిన రొట్టె తీసి పక్కన పెట్టి, "ఈ రోజు ముట్టుకోలేదు కదా నాయనా?" అని మెల్లగా అడిగేది. "లేదండీ" అనేవాడు క్లైవ్ నిజాయితీగా. ఆవిడ కళ్ళు చెమర్చేవి. శుక్రవారం పేకాటకు నాలుగో మనిషి దొరికాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆరేళ్ళలో రాని ఫ్రెంచి ఆరు నెలల్లో వచ్చింది, బూతులతో సహా!

ఐలీన్ మాత్రం మండిపడేది.

"నేను తాగుబోతు పెళ్ళాన్ననుకుంటున్నారు క్లైవ్! మదామ్ ఫాయోల్ నిన్న నా చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండమంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ప్రయత్నిస్తున్నానన్నాను."

ఆమె చిరాకుకు ఇంకో కారణం కూడా ఉంది. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. కూరగాయలు తరగబోతే వేళ్ళు తెగుతున్నాయి. మెట్ల అంచు కనిపించక ఒకసారి పడింది. పట్నం ఆస్పత్రిలో కంటి డాక్టరు పదకొండు నెలల తరవాత రమ్మని తేదీ ఇచ్చాడు. ఆ తేదీ రానే వచ్చింది. పట్నం ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. ఇంగ్లీషు మిత్రులకు ఫోన్లు చేశారు. అందరూ ఎంతో బాధపడ్డారు. ఆ రోజే ప్రశ్నల పోటీ ఫైనల్ ఉందట!

"సరే, పద," అన్నాడు క్లైవ్, బుల్లి కారు తాళం తీసుకుని.

దారి చూపిస్తానని ఫిర్మాన్ తన బుల్లి కారులో ముందు బయల్దేరాడు. పోలీసులు కాపు కాయని దోవలన్నీ అతనికి తెలుసు. అయినా పాతిక కిలోమీటర్ల దగ్గర పెద్ద రోడ్డెక్కక తప్పలేదు. వెనక ట్రాక్టర్లు, లారీలు, పాల ట్యాంకరు కలిసి అర కిలోమీటరు ఊరేగింపు తయారైంది. అంతలో మోటారుసైకిలు మీద ఒక పోలీసమ్మాయి వచ్చి రెండు బళ్ళనూ పక్కకు ఆపింది. వెనక అద్దానికి అంటించిన ఉత్తరం దగ్గరగా వంగి చదివింది. మొత్తం చదివింది! మా జిల్లాలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే.

"నిజంగానే కాగితాల ఆలస్యమా?"

"ముప్ఫై నాలుగేళ్ళు డ్రైవింగ్ నేర్పానమ్మా," అన్నాడు క్లైవ్.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"కంటి డాక్టరు దగ్గరికి. పది నలభైకి రమ్మన్నారు," అంది ఐలీన్, పోలీసమ్మాయి పక్కనున్న మైలురాయి వైపు చూస్తూ.

ఆ అమ్మాయి మళ్ళీ మోటారుసైకిలెక్కింది. "మా నాన్నకి పదమూడు నెలల తరవాతి తేదీ ఇచ్చారు. ఈ రోజు తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. పదండి, నా వెనకే రండి!"

మంత్రిగారి వెంట వెళ్ళినట్టు వెళ్ళారు. నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో! నాలుగు నిమిషాలు మిగిలుండగా ఆస్పత్రి చేరారు. మూడో అంతస్తులో తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఐలీన్‌కు కనపడదు కాబట్టి క్లైవ్ పైకి చదివాడు. డాక్టరుగారు పోయిన శుక్రవారం పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలోకి ఎవరూ రావడం లేదు. రోగులు తొంభై కిలోమీటర్ల దూరంలోని ఆస్పత్రిని సంప్రదించవలెను.

ఐలీన్ అక్కడే బెంచీ మీద కూర్చుంది. "ఇల్లు అమ్మేద్దాం క్లైవ్," అంది చివరికి.

ఫిర్మాన్ టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. అతనికి ఇంగ్లీషు రాదు. అయినా అర్థమైంది. "నువ్వు వెళ్ళిపోతే శుక్రవారం ఆటకి నాలుగోవాణ్ణి ఎక్కణ్ణించి తేవాలయ్యా?" అన్నాడు. ఐలీన్ ఏడుస్తూనే నవ్వింది.

పాఠకులారా, ఇక్కడే నా వాదన గమనించాలి. లైసెన్సే ఉంటే ఈ చేదు కబురు అరగంట ముందే తెలిసి ఉండేది కదా! ఆ అరగంట మనశ్శాంతి ఇచ్చింది ఎవరు? ఆఫీసే!

మరుసటి నెల లైసెన్సు వచ్చింది. క్లైవ్ పెద్ద కారు తీసి కఫేకు వెళ్ళాడు. లోపలివాళ్ళందరూ కిటికీలోంచి ఆ కారునే చూశారు. "కూర్చోండి, మిస్యూ పార్డో," అన్నాడు ఫిర్మాన్. 'మీరు'! క్లైవ్ ముఖం వాడిపోయింది. ఫిర్మాన్ ఆ కారు వైపు మరోసారి చూశాడు. "అయితే... మంగళవారం మా అమ్మ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏమంటావు?"

అలా మొదలైంది. సోమవారం మదామ్ ఫాయోల్ గుండె డాక్టరు. మంగళవారం ఫిర్మాన్ తల్లి పళ్ళు. నెలకోసారి ఐలీన్‌తోపాటు మరో ముగ్గురు శుక్లాలవాళ్ళను ఎక్కించుకుని తొంభై కిలోమీటర్లు పోయి రావడం. ఐలీన్‌కు ఒక కన్ను బాగైంది. ఇల్లు అమ్మకం మాట మళ్ళీ రాలేదు.

మొన్న మా మేయరు, ఊరికి వారానికి రెండుసార్లయినా బస్సు వేయమని జిల్లా ఆఫీసుకు రాశారు. జవాబు ఈసారి తొమ్మిది రోజుల్లోనే వచ్చింది. బ్రుయాక్ గ్రామస్థులకు రవాణా విషయంలో సొంత ఏర్పాటు సంతృప్తికరంగా ఉన్నట్టు విచారణలో తేలిందట. కనుక బస్సు అవసరం లేదట.

ఆ సొంత ఏర్పాటు వయసు డెబ్బై ఒకటి. పోయిన వారం నుంచి దానికి ఎడమ కన్ను మసకగా కనిపిస్తోంది.