అడగకుండా నొక్కకూడదు

ఆ ఆదివారం పొద్దున అద్దాలమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. బయటికి వెళ్ళాలి, ఒక మనిషిని చూసుకోవాలి, అడగాలి, ఫొటో తీయాలి, సాయంత్రం క్లాసుకు పట్టుకెళ్ళాలి. మనుషులకు కరువు లేని ఊరు. చూసుకోవడం కష్టం కాదు, తీయడమూ కష్టం కాదు. మధ్యలో ఉన్న ఆ అడగడమే ఆమెకు కొండంత అడ్డం.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో. ముందు గదిలో కూర్చున్న పిల్ల జనంతో మాట్లాడుతుంది. ఈమె వాళ్ళ అద్దాలను అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఊళ్ళో సగం మంది చూపు ఎంతో ఆమెకు తెలుసు, అందులో ఒక్కరి మొహమూ తెలియదు. సాయంత్రం మేడమీది అద్దెగదికి చేరితే కింద నుంచి ఇంటావిడ పలకరిస్తుంది. "మోటారు ఆపావా?" అని. ఆపానంటే ఆ రోజుకు మాటలు అయిపోయినట్టే.

అందుకే ఒక పాత కెమెరా సంపాదించి ఆదివారం ఫొటో క్లాసులో చేరింది. కుట్టుమిషన్ల దుకాణం పైన ఒక హాలు, కొన్ని కుర్చీలు, ఒక మాస్టారు. అక్కడ ఆలస్యంగా వెళ్తే "ఏమ్మా, ఆలస్యమైందే?" అని అడుగుతారు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఒకటి రెండుసార్లు కావాలని ఆలస్యంగా వెళ్ళింది కూడా.

చిక్కేమిటంటే ఆమె ఫొటోల్లో మనుషులుండరు. తడి మెట్లు, ఆరేసిన తువ్వాలు, గోడకు ఆనించిన సైకిలు, పార్కులో ఖాళీ బెంచీ. క్రితం వారం మాస్టారు అవన్నీ వరసగా చూసి నిట్టూర్చాడు.

"ఏమ్మా, ఊరంతా మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాక తీశావా ఇవి?"

అందరూ నవ్వారు. వెనక వరసలోని బ్యాంకు గుమస్తా ఆమెకు 'ఖాళీ కుర్చీ' అని పేరు కూడా పెట్టేశాడు.

"ఇది మనుషుల్ని తీయడం నేర్పే క్లాసు. వచ్చే ఆదివారం ఒక్క మొహం తీసుకురా. అడిగి తీసిన మొహం. తేలేకపోయావా, ఇక నువ్వు గోడలే తీసుకో తల్లీ, ఇక్కడికి రానక్కర్లేదు," అన్నాడు మాస్టారు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి మళ్ళీ కేకేశాడు. "అడగకుండా నొక్కకూడదు! నిద్రపోయేవాళ్ళ జోలికి అసలే వెళ్ళకూడదు. అది పరాయివాళ్ళ పడగ్గది తలుపు తోసుకుని వెళ్ళడమే!"

అదీ సంగతి. ఆ పొద్దున ఆమె కెమెరా పట్టుకుని వీధిలోకి దిగింది.

మొదట పళ్ళ బండి దగ్గర నిలబడింది. ఇటూ అటూ తచ్చాడి, అరటిపళ్ళు కొని, మళ్ళీ తచ్చాడి, చివరికి అడిగేసింది. పళ్ళావిడ మొహం విప్పారింది.

"నాకా? ఫొటోనా? ఆగమ్మా, జుట్టు పిచ్చుకగూడులా ఉంది. దువ్వుకొస్తా. బండి చూస్తుండు."

ఆమె వెళ్ళింది, బేరాలు వచ్చాయి. అద్దాలమ్మాయి తూచింది, సంచుల్లో వేసింది, కుళ్ళిన జామకాయ ఇచ్చిందని ఒకావిడ చేత తిట్లు కూడా తింది. పళ్ళావిడ ఎప్పటికో తిరిగొచ్చి, "మా ఆయన వద్దన్నాడమ్మా. పోనీ, రేపూ ఇలాగే వస్తావా? చెయ్యి మంచిది," అంది.

పార్కు గేటు దగ్గర ఒక కొత్త జంట కనిపించింది. "అండీ, ఒక ఫొటో..." అనేసరికి ఆ కుర్రాడు, "అబ్బ, థాంక్సండీ, ఎవర్ని అడగాలా అని చూస్తున్నాం," అంటూ తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసింది. వెలుగు చూసుకుని, ఆ అమ్మాయి నవ్వేదాకా ఆగి, ప్రాణం పెట్టి తీసింది. వాళ్ళు ఫోను తీసుకుని వెళ్ళిపోయారు. ఆమె జీవితంలో తీసిన మొదటి మంచి మొహాలు అలా పరాయివాళ్ళ జేబులో నడిచి వెళ్ళిపోయాయి.

అప్పుడే బస్‌స్టాపులో ఒక ముసలాయన కనిపించాడు.

బెంచీ మీద ఒక్కడే కూర్చుని, స్తంభానికి తల ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పైకప్పు రేకుకు పడిన చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆయన మొహం మీద రాలుతోంది. అద్దాలమ్మాయి తనకు తెలియకుండానే కెమెరా ఎత్తింది. వేలు మీట మీదికి వెళ్ళింది. మాస్టారి కేక చెవిలో మోగింది. వేలు వెనక్కి వచ్చింది.

మౌనం అర్ధాంగీకారమంటారు. మరి నిద్ర? పోనీ పావు అంగీకారమైనా అవుతుందా? ఆమె చాలాసేపు తర్కించుకుని, కాదనే తేల్చుకుంది. లేపడం మర్యాద కాదు. లేచేదాకా ఉండి అడగడమే పద్ధతి. మెల్లగా వెళ్ళి బెంచీకి ఆ చివర కూర్చుంది. ముసలాయన కళ్ళజోడును చక్కగా మడిచి, పెట్టెలో పెట్టి, మూతవేసి ఒళ్ళో ఉంచుకున్నాడు. నిద్రలోకి జారిన మనిషి కళ్ళజోడు ముక్కు మీదే ఉండాలి. కానీ కళ్ళజోళ్ళతో బతికే పిల్ల కదా, ఆ జాగ్రత్తకు ముచ్చటపడిందే గానీ అనుమానపడలేదు.

బస్సు వచ్చింది. కండక్టరు తల బయట పెట్టి, "ఎక్కుతారా?" అని అరిచాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టి, "మెల్లగా అండీ, పడుకున్నారు," అంది.

"మీ నాన్నగారా?"

ఆమె తల ఊపింది. అది అవునో కాదో ఆమెకే తెలియదు. చిన్నప్పుడే నాన్న పోయిన పిల్లకు ఆ ప్రశ్న కొత్త.

"ఇంట్లో మంచం లేనట్టు ఇదేం కునుకమ్మా!" అని విసుక్కుని కండక్టరు ఈల ఊదాడు.

ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ, అందరూ పిన్ని అని పిలిచే మనిషి, ఇదంతా చూస్తూనే ఉంది. ఇంకో బస్సు వెళ్ళాక చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, మీ నాన్న ఎంతకీ కదలడం లేదేంటి? లేపు."

"లేపకూడదు పిన్నీ."

"ఎవరన్నారు?"

"మా మాస్టారు."

పిన్ని ఆమెను ఎగాదిగా చూసింది. ఈలోగా తెల్ల బూట్లు వేసుకుని నడకకొచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆగాడు. ఎక్కడ ఇద్దరు నిలబడితే అక్కడ మూడోవాడుగా చేరి సలహా చెప్పకపోతే ఆయనకు నడిచినట్టు ఉండదు.

"స్పృహ తప్పింది. చూస్తే తెలియట్లా? మీ నాన్నగారికి షుగరుందా?"

"తెలియదండీ."

"బీపీ?"

"తెలియదండీ."

"పేరైనా తెలుసా?"

"తెలియదండీ."

"విన్నారా!" బూట్లాయన అప్పటికే చేరిన జనం వైపు తిరిగాడు. "కన్నతండ్రి పేరు తెలియదట! పైగా చేతిలో కెమెరా! తండ్రి పడిపోతే ఫొటోలు తీస్తూ కూర్చుంది!"

"తీయలేదండీ!" అద్దాలమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. "ఒక్కటి కూడా తీయలేదు. అడగకుండా ఎలా తీస్తాను?"

ఆమె తీయలేదు గానీ జనం తీస్తున్నారు. ఒకడు ఫోను ఎత్తాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. నలుగురు వంగి ముసలాయన మొహం మీద ఫోన్లు పెట్టారు. నోట్లో నాలుక లేని పిల్లకు ఆ క్షణంలో ఎక్కడ లేని గొంతు వచ్చింది.

"అలా తీయకూడదు! నిద్రపోయేవాళ్ళను తీయకూడదు!" అని అరిచి, ఇంకేం చేయాలో తోచక మెడలోని చున్నీ తీసి ముసలాయన మొహం మీద కప్పేసింది.

ఫోన్లన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి.

"అయ్యో... పోయాడా!" అంది పిన్ని.

ఆ మాటతో కథ చెయ్యి దాటిపోయింది. ఎవరో టోపీ తీశారు. బూట్లాయన అంబులెన్సుకు ఫోను చేసి, దారి చెప్తూ చెప్తూ తనే చెమటలు పట్టి బెంచీ అంచున కూలబడ్డాడు. తిరుగుబస్సులో వచ్చిన ఇందాకటి కండక్టరు కిందికి దూకి, "పొద్దున నేనే విసుక్కున్నానమ్మా, మనసులో పెట్టుకోకు," అని చేతులు జోడించాడు. ప్రయాణికులంతా దిగి చుట్టూ మూగారు. "కాదండీ, ఆయన..." అని ఆమె చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఊరుకో తల్లీ, మాకు తెలుసు," అన్నారు.

పిన్ని వచ్చి పక్కన కూర్చుని ఆమె తల మీద చెయ్యి వేసింది. టీ కెటిలు పట్టుకున్న చెయ్యి, ఇంకా వెచ్చగా ఉంది.

"ఏడవమ్మా. ఏడిస్తే బరువు దిగుతుంది."

అద్దాలమ్మాయి తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎంతకాలమైందో ఆమెకే గుర్తులేదు. ఎవరూ పోలేదని చెప్పాల్సిన మాటే మరిచిపోయింది. ఇక ఆగలేదు. పిన్ని భుజం మీద పడి, ఎందుకో తెలియకుండా, వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడు చున్నీ కింద నుంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది.

"అమ్మాయ్... ఫొటో అయిపోయిందా?"

పిన్ని కెవ్వుమంది. కండక్టరు బస్సెక్కేశాడు. ముసలాయన చున్నీని నుదుటి మీదికి జరుపుకుని, ఒక కన్ను తెరిచి చూశాడు.

"మీరు... నిద్రపోలేదా?" అంది ఆమె, కన్నీళ్ళు బుగ్గల మీదే ఉండగా.

"ఎండకు ఊరికే కళ్ళు మూసుకున్నానమ్మా. ఓరగా చూస్తే నువ్వు కెమెరా ఎత్తావు. పాపం, బొమ్మ తీసుకుంటోంది, కదిలితే చెడిపోతుందని అలాగే ఉండిపోయా. టిక్కుమని వినిపిస్తే తెరుద్దామనుకున్నా. ఎంతకీ వినిపించదే!"

"మీరు లేస్తే అడిగి తీద్దామని కూర్చున్నానండీ."

"నువ్వు తీస్తే లేద్దామని నేను కూర్చున్నా."

"మరి ఇంతమంది ఇంత గోల చేస్తుంటే లేవొద్దూ?" అని పిన్ని గయ్యిమంది.

ముసలాయన చున్నీ కొసను మడత పెడుతూ తల దించుకున్నాడు. "గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణమ్మా. ఎవరి పనీ మధ్యలో చెడగొట్టకపోవడం అలవాటు. పైగా... నా గురించి ఇంతమంది మాట్లాడుకోవడం ఈ మధ్య ఎక్కడుంది? మధ్యలో ఆపడం ఎందుకనిపించింది."

జనం నవ్వారు, కొందరు తిట్టారు. అంబులెన్సు వచ్చింది. వచ్చిన బండి ఖాళీగా వెళ్ళలేదు. బీపీ పెరిగి గుడ్లు తేలేసిన బూట్లాయనను ఎక్కించుకుని వెళ్ళింది.

"ఇప్పుడు అడుగు," అన్నాడు ముసలాయన. ఆమె అడిగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పైగుండీ దాకా బిగించి, గుర్తింపు కార్డుకు కూర్చున్నట్టు బిర్రబిగుసుకున్నాడు. ఎండ చుక్కలు ఎప్పుడో జరిగిపోయాయి. అయినా ఆమె మీట నొక్కింది. ఏమీ కాలేదు. పొద్దుటి నుంచి ఆపకుండా ఉంచిన కెమెరాలో బ్యాటరీ అయిపోయింది.

"పోనీ వచ్చే ఆదివారం తీసుకో. నేనెప్పుడూ ఇక్కడే ఉంటా," అన్నాడాయన.

"ఏ బస్సుకండీ?"

"ఏ బస్సూ ఎక్కనమ్మా. ఇక్కడైతే జనం ఉంటారని వస్తా."

వచ్చే ఆదివారానికి తనకు క్లాసు ఉండదని ఆమె చెప్పలేదు.

ఇల్లు చేరేసరికి ఇంటావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది, చేతిలో ఫోను, కళ్ళలో నీళ్ళు. ఫోనులో, ముసుగు కప్పిన మనిషి పక్కన ఏడుస్తున్న అద్దాలమ్మాయి.

"నాన్న పోతే నాతో చెప్పవా తల్లీ? అంత పరాయిదాన్నా?"

"నాన్న ఎప్పుడో పోయారండీ. నా చిన్నప్పుడే."

"మరి ఈయనెవరే?"

"తెలియదండీ."

దుఃఖంలో మతి చలించిందనుకుని ఇంటావిడ ఆమెను దగ్గరికి తీసుకుంది. "మోటారు సంగతి నేను చూసుకుంటాలే," అంది. ఆ ఇంట్లో అంతకు మించిన ఓదార్పు లేదు.

సాయంత్రం సెలవు చెప్పి వచ్చేద్దామని క్లాసుకు వెళ్ళింది. తలుపు తీసేసరికి అందరూ లేచి నిలబడి, తలలు వంచుకుని మౌనం పాటిస్తున్నారు. బ్యాంకు గుమస్తా ముక్కు ఎర్రబడింది. "ఖాళీ కుర్చీ అన్నందుకు క్షమించమ్మా," అన్నాడు. ఆమె నిలబడే, మొదటి నుంచి చివరి దాకా, జరిగింది చెప్పింది. తను ఒక్కపూటలో అన్ని మాటలు మాట్లాడగలదని ఆమెకూ అప్పుడే తెలిసింది. సగంలో ఎవరో కిసుక్కుమన్నారు, చివరికి మాస్టారు కడుపు పట్టుకుని కూర్చున్నాడు.

గుమస్తా ఫోను వెతికి ఇంకో ఫొటో పట్టుకొచ్చాడు. ముసలాయన నెత్తి మీద చున్నీ, ఒకే కన్ను తెరిచిన దొంగచూపు, పక్కన తడి బుగ్గలతో నోరు తెరిచిన అద్దాలమ్మాయి, వాళ్ళిద్దరి మధ్య పిన్ని కేక. మాస్టారు నవ్వు ఆపి దాన్ని చాలాసేపు చూశాడు.

"వంకరగా ఉంది. మూలన ఎవడిదో బొటనవేలు పడింది. పైగా అడగకుండా తీసిన దరిద్రం. కానీ మొహాలంటే ఇవమ్మా. ఇది గోడ మీద పెడదామా? నీకు సమ్మతమేనా?"

"సమ్మతమేనండీ. పిన్ని కూడా ఒప్పుకుంటుంది."

"ఆ పెద్దాయనకు?"

"అడగాలండీ."

"అయితే అడిగి రా. అడిగొచ్చేదాకా నీ కుర్చీ ఎక్కడికీ పోదు."

తర్వాతి ఆదివారం ఆమె సంచిలో ఆ ఫొటో, కెమెరాలో నిండు బ్యాటరీ ఉన్నాయి. బస్‌స్టాపులో ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడు మడిచి పెట్టెలో పెట్టుకుని, స్తంభానికి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అద్దాలమ్మాయి ఈసారి బెంచీ చివర కాక ఆయన పక్కనే కూర్చుంది. ఎండ చుక్కలు ఇద్దరి మీదా పడుతున్నాయి. లేపలేదు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఆమెను గుర్తుపట్టి, దిగడానికి జంకి, మెట్టు మీద నుంచే గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమ్మా, పెద్దాయన బతికే ఉన్నారా?"

"ఇంకా అడగలేదండీ."