టంగుటూరి వారికి ముందు సీటు

ఆ బుధవారం పొద్దున వరదమ్మ పెట్టుకున్నది ఒక్కటే పని. ఆత్మకూరులో ఉన్న అమ్మకు మరునాటి బస్సులో ముందు సీటు చెప్పించాలి. మూడేళ్ల కిందట అల్లుడు నారాయణయ్య కార్డు మీద "పెంచలమ్మకు" అని రాసి, "గారు" మరిచిపోయాడు. అప్పటినుంచి ఆమె ఉదయగిరిలో కూతురి గడప తొక్కలేదు. ఇప్పుడు వరదమ్మకు తొలిచూలు, ఏడో నెల. వస్తాను గానీ, మర్యాదలో వీసమెత్తు తగ్గినా అదే బస్సులో వెనక్కి పోతానని కబురు పంపింది పెంచలమ్మ.

"ఈసారి ఆమె పేరు రాయనే రాయను" అన్నాడు బడిపంతులు నారాయణయ్య. "రాసి ఒకసారి పడింది చాలు."

బాగా ఆలోచించి ఆత్మకూరు బస్సు ఏజెంటుకు చీటీ రాసి, డ్రైవరు మస్తాన్ చేతికిచ్చాడు. "టంగుటూరి వారు రేపు మా ఇంటికి దయచేస్తున్నారు. ముందు సీటు ఉంచవలెను. మర్యాదలో లోపం రాకూడదు."

పెంచలమ్మ ఇంటిపేరు టంగుటూరి అని ఆమె వీధివాళ్లకే తెలియదు. ఆ ఏడు ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులని మాత్రం అందరికీ తెలుసు. చదువు రాని మస్తాన్ ఆ చీటీని టీ అంగట్లో చదివించుకున్నాడు.

"ముఖ్యమంత్రికి కారు లేదా, బస్సులో వచ్చేదేంది?" అన్నాడు చెక్క గరిటెలు చేసే దస్తగిరి.

"తుపాకికి రొమ్ము చూపించిన మనిషిరా! మన బస్సుకు భయపడతాడా?" అన్నాడు అంగడి ఆదెయ్య.

"సినిమాల్లో పాడే సూర్యకుమారిది గూడా టంగుటూరే గదా" అన్నాడు బెంచీ మీది తిరుపాలు. దాంతో రానన్న కుర్రవాళ్లు కూడా వస్తామన్నారు.

మరునాడు మజ్జిగ చెంబుతో బస్సు ఆగేచోటికి వెళ్లిన వరదమ్మకు మామిడి తోరణాలు, మేళం, దండతో పంచాయతీ ప్రెసిడెంటు కనబడ్డారు. సీతారామపురం రైతులు తమ ఊరికి బస్సు వేయించమని అర్జీ పట్టుకొచ్చారు.

"ముఖ్యమంత్రి మీ ఇంటికొస్తా ఉంటే ఒక్క మాట చెప్పొద్దా తల్లీ?" అన్నాడు ప్రెసిడెంటు.

వెనకే వచ్చిన నారాయణయ్య పెళ్లాం చెవి దగ్గరికి వంగాడు. "నిజం చెప్పేస్తానే" అన్నాడు గుసగుసగా.

"చెప్తే దండ తీసుకుని పోతారు. మా అమ్మ దిగినట్టే దిగి మళ్లా ఎక్కుద్ది. నోరు మెదపబాకండి!"

బస్సు వచ్చింది. చీటీ చూసి ఏజెంటు ఇంకెవర్నీ ఎక్కించలేదు, లోపల మిగతా సీట్లన్నీ ఖాళీ. ముందు సీట్లో పెంచలమ్మ ఒక్కతే, వక్కాకు సంచితో. మేళం ఆగిపోయింది.

"ఏరిరా టంగుటూరి వారు?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఈమేనంట సార్" అన్నాడు మస్తాన్.

ప్రెసిడెంటు ఎత్తిన దండ ఎత్తినట్టే ఉంది. పెంచలమ్మే తల వంచింది. "వెయ్యి నాయనా, చేతులు నొప్పి పుడతాయి."

ఆయన వేశాడు. దస్తగిరి, తాను తెచ్చిన పెద్ద గరిటె ఇచ్చేశాడు. రైతులు ఏంచేయాలో తోచక అర్జీ చేతిలో పెట్టారు. ఆమె దాన్ని మడిచి సంచిలో దోపి, "చూస్తాంలే" అంది. ముఖ్యమంత్రి వచ్చినా ఇంతకంటే ఏమంటాడని రైతులు సమాధానపడ్డారు.

"అల్లుడూ, ఆలస్యంగానైనా మర్యాద నేర్చినావు" అంది పెంచలమ్మ, దండ సవరించుకుంటూ. "రెండు దినాలుండి పోదామనుకున్నా. ఇట్టాంటి ఊరిని ఇడిచి యెట్ట పోయేది?"

కాన్పు అయింది. పేరు పెట్టారు. బిడ్డ నడక నేర్చింది. పెంచలమ్మ మాత్రం కదల్లేదు. నారాయణయ్య మళ్లీ చీటీ రాశాడు. ఈసారి గుంపు చేరకూడదని వివరంగా రాశాడు. "మా అత్త పెంచలమ్మకు రేపటి ఆత్మకూరు బస్సులో ఎక్కడైనా ఒక సీటు."

సీట్లు లేవని జవాబు వచ్చింది.